తివాచీ ఎవరిది?

అమెరికాలోని అట్లాంటా నగరమునకు నైరుతి దిక్కున, సుమారు గంట ప్రయాణపు దూరములో లగ్రాంజ్ అను చిన్న పట్టణమున్నది. 1973లో రే ఆండర్సన్ అను పారిశ్రామికుడు ఇంటర్‌ఫేస్ అను సంస్థను స్థాపించి, కార్యాలయముల నేలపై పరచు తివాచీలను చతురస్రపు పలకలుగా అచ్చట తయారుచేయ నారంభించెను. ఉన్నితో తివాచీలు నేయు ఏలూరి యిండ్లకు సమీపమున పెరిగిన నాకు, పెట్రోలియమునుండి పుట్టిన నైలాను నూలుతో యంత్రములు చేయు ఈ పలకలు మొదట తివాచీలుగనే తోచలేదు. కాని వాని చరిత్ర తెలిసికొన్న పిదప, వర్తకమును ఎట్లు నిర్మింపవలెనను విషయమున ఇంతకంటె విలువైన పాఠము నాకీ దేశమున మరియొకటి లభింపలేదు.

పర్యావరణమునకై మీరేమి చేయుచున్నారని కొనుగోలుదారులడిగిన ప్రశ్నకు సమాధానము వెదకుచు, పాల్ హాకెన్ రచించిన 'ది ఎకాలజీ ఆఫ్ కామర్స్' అను గ్రంథమును 1994లో చదివిన ఆండర్సన్, ఇరువది యేండ్లుగా తాను చేసినది భూమిని దోచుటయేనని బహిరంగముగ ఒప్పుకొని, తన సంస్థవలన ప్రకృతికి కలుగు హానిని సమూలముగ తొలగింపవలెనని సంకల్పించెను. కాలక్రమమున 2020వ సంవత్సరమును అందులకు గడువుగా పెట్టుకొనెను. ఇట్టి ప్రతినలు నేడు అనేక సంస్థలు చేయుచున్నవి. నన్నాకర్షించినది, ఆ ప్రతినను చెల్లించుకొనుటకై ఆయన లాభము పుట్టు చోటునే మార్పజూచుట.

తివాచీ నమ్మువానికి అది ఎంత త్వరగా అరిగిన అంత లాభము. అరిగినది చెత్తకుప్పకు చేరినను వానికి నష్టము లేదు. ఈ లెక్కను తిరుగవేయుటకై ఆండర్సన్ 'ఎవర్‌గ్రీన్ లీజ్' అను పద్ధతిని ప్రవేశపెట్టెను. దాని ప్రకారము తివాచీ ఎల్లప్పుడును సంస్థ సొత్తే. వాడుకొనువారు నెలనెలకు అద్దె చెల్లింతురు. శుభ్రపరచుట, అరిగిన పలకను మాత్రము తీసి క్రొత్తది వేయుట, పాతదానిని కర్మాగారమునకు కొనిపోయి మరల వినియోగించుట సంస్థ విధి. అట్లయినచో చిరకాలము మన్ను పలకయే సంస్థకు లాభకరమగును.

ఇంత సుందరమైన యోచన ఫలింపలేదు. నేనొక సంస్థలో కొనుగోళ్ల లెక్కలు చూచువాడను గనుక, అందులకు కారణము నాకు చక్కగా బోధపడుచున్నది. తివాచీ కొనుటకు సొమ్ము మూలధనపు పద్దునుండి వచ్చును. దానిని ఊడ్చి శుభ్రపరచువారి వేతనములు నిర్వహణపు పద్దులో, భవనపు ఇతర ఖర్చులతో కలిసిపోయి, విడిగా కానరావు. అద్దెలోనో, ఇవన్నియు ఒక్కచోట ఒక్క అంకెగా ప్రత్యక్షమగును. ఆ అంకెను చూచిన అధికారి ఇది దుర్వ్యయమని తలచి కాగితమును ప్రక్కకు నెట్టును. మా కార్యాలయమున కూడ, ధర హెచ్చైనను చిరకాలము మన్ను కుర్చీలను కొందమని సూచింపగా, మన్నికవలన మిగులు సొమ్ము వేరొక విభాగమునకు చేరునను కారణమున ఆ సూచన త్రోసివేయబడినది. అమ్మువాని మనస్సు మారినంత మాత్రమున చాలదు, కొనువాని ఖాతాపుస్తకము కూడ మారవలెనని నేను దృఢముగ నమ్ముచున్నాను.

అయినను ఆండర్సన్ సంస్థ నిరుత్సాహపడలేదు. డేవిడ్ ఓకీ అను రూపకల్పకుడు, ప్రకృతి తన నేలను ఎట్లు పరచునో చూచిరండని సహచరులను అడవికి పంపెను. రాలిన ఆకులలో ఏ రెండును ఒక్కతీరుగ లేకున్నను నేలయంతయు ఏకముగ కనుపట్టుటను గ్రహించి, వారు 2000లో 'ఎంట్రోపీ' అను రకమును వెలువరించిరి. దానిని ఏ దిక్కున పరచినను, నడుమ నొక పలకను మార్చినను తేడా తెలియదు. పరచునపుడు తునకలు వృథాయగుటయు తగ్గెను.

2012లో ఆ సంస్థ లండన్ జంతుశాస్త్ర సంఘముతో కలిసి ఫిలిప్పీన్సులో ఆరంభించిన 'నెట్-వర్క్స్' పథకము నాకింకను ప్రియమైనది. సముద్రతీరమున పారవైచిన నైలాను వలలను గ్రామస్థులు ఏరి, కడిగి, తూచి అమ్ముదురు. అవి స్లొవేనియాలోని అక్వాఫిల్ కర్మాగారమున మరల నూలగును. ఆ గ్రామముల పొదుపు సంఘములను గూర్చి చదువునపుడు మన డ్వాక్రా మహిళలు జ్ఞప్తికి రాకమానరు. ఇందు దానము లేదు. సంస్థకు నూలు కావలెను, జాలరి కుటుంబమునకు ఆదాయము కావలెను, తీరమునుండి వల తొలగవలెను, ఈ మూడును ఒక్క బేరమున నెరవేరినవి.

ఆండర్సన్ 2011లో మరణించెను. లక్ష్యమును గడువునకు ముందే చేరితిమని సంస్థ 2019లో ప్రకటించినది. ఇక నా వంతుగా, మా కొనుగోలు పత్రములలో 'వాడుక ముగిసిన పిదప దీనిని తీసికొనువారెవరు?' అను గడిని చేర్పింపవలెనని నేను కొంతకాలముగ కోరుచున్నాను. తివాచీల విషయమున అంగీకరించిరి, బల్లలు కుర్చీల విషయమున చర్చ జరుగుచున్నది.