ఒక్క పన్ను తేడా

"గేర్లెన్నండీ?"

సైకిలు నిలబెట్టుకుని లిఫ్టులో ఓ మూలకి ఒదిగానో లేదో ఈ ప్రశ్న పడుతుంది. ఒక్కటేనండీ అంటాను. అప్పుడు వాళ్ళ మొహంలో జాలి లాంటిది ఒకటి కదులుతుంది చూశారూ, దానికి నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మీదట "మావాడికి ట్వెంటీవన్ గేర్లది కొన్నామండీ" అని ఓ ఓదార్పు. ఆ ట్వెంటీవన్ గేర్లది సెల్లార్లో నీళ్ళ మోటారు పక్కన ఉంటుంది. రెండు టైర్లలోనూ గాలి ఉండదు, చైను తుప్పు పట్టి ఉంటుంది, హ్యాండిల్ మీద ఎవరో కాళ్ళు తుడుచుకునే పట్టా ఆరేసి ఉంటారు. రోజూ దాని పక్కనుంచే పోతాను. పైకి మాత్రం ఏమీ అనను. మర్యాద.

ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, ఎక్కం సరిపోయింది. కానీ ముందు పెద్దదానికీ వెనక పెద్దదానికీ కలిపి చైను వేయకూడదు, ముందు చిన్నదానికీ వెనక చిన్నదానికీ కలిపీ వేయకూడదు. చైను అడ్డంగా లాగి అరిగిపోతుంది. పోగా మిగిలినవాటిలో కొన్ని జంటలు తొక్కితే ఒకే బరువు. అంకె అట్టపెట్టె మీద వేసుకోవడానికి తప్ప అంత ఉపయోగం లేదు. ఈ మాట నేను చాలా చోట్ల అన్నాను, అన్నచోటల్లా మాట మార్చారు.

అసలు ఒంటి గేరు సైకిలుకి గేరు లేదనుకోవడమే పొరపాటు. ముందు చైన్‌వీల్‌కి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18, చక్రం 28 అంగుళాలు అనుకోండి. 44ని 18తో భాగించి 28తో గుణిస్తే 68 చిల్లర వస్తుంది. ఇదీ దాని గేరు, అంగుళాల్లో. ఈ లెక్క పందొమ్మిదో శతాబ్దంలో ముందు చక్రం మనిషెత్తు, వెనక చక్రం పీటంత ఉండే సైకిళ్ళ నాటిది. వాటికి పెడల్స్ నేరుగా ముందు చక్రానికే ఉండేవి, చక్రం ఎంత పెద్దదైతే గేరు అంత పెద్దది. చైను వచ్చాక చక్రాలు చిన్నవయ్యాయి గానీ లెక్క మాత్రం ఆ మహాచక్రం మీదే ఉండిపోయింది. 68 అంటే, పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకి పోతుంది.

కోనసీమలో పెరిగినవాడికి ఈ ఐదున్నర మీటర్లు చాలు. అక్కడ ఎత్తంటే కాలువ వంతెనే. ఇంకా ఎత్తు కావాలంటే రావులపాలెం దాకా వెళ్ళి గోదావరి బ్రిడ్జి ఎక్కాలి. వెనక క్యారియర్ మీద ధాన్యం బస్తా, ముందు బార్ మీద పిల్లాడు, ఎదురుగాలి, అన్నిటికీ ఆ ఒక్క గేరే. హైదరాబాదు అలా కాదు. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ వైపు తిరిగితే రోడ్డు మన వయసు అడుగుతుంది. అక్కడ వెనక 18 తీసి 20 పళ్ళది వేయించాలి. రెండు పళ్ళే. కానీ మోకాళ్ళని అడగండి, రెండా ఇరవయ్యా అని.

ఒంటి గేరు సైకిలు కట్టుకోవడంలో ఉన్న సరదా అంతా ఈ ఎంపికలోనే ఉంది. నువ్వు ఏ వీధుల్లో తిరుగుతావు, పాలకి వెళ్ళే దారిలో ఎక్కడ ఎక్కుడు ఉంది, ఎక్కడ ఆగాల్సి వస్తుంది, పొద్దున గాలి ఎటునుంచి కొడుతుంది, ఇవన్నీ కూడి ఒక్క అంకె మీద తేల్చుకోవాలి. ఆ అంకె పక్కవాడికి పనికిరాదు. ఇరవై ఒకటీ కొనుక్కున్నవాడికి ఈ బాధ లేదు, ఈ భోగమూ లేదు.

ఫ్రీవీల్ తీసేసి, దాని చోట ఉత్త పళ్ళ చక్రం బిగిస్తే అది ఫిక్స్‌డ్ గేరు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది. తొక్కడం ఆపి పోదామంటే కుదరదు. మొదటిసారి ఎక్కినవాణ్ణి దించేయడానికి ఇది చాలు. పల్లంలో కాళ్ళు విశ్రాంతి కోరతాయి, పెడల్ ఇవ్వదు. కొత్తేమీ కాదులెండి, మూడు చక్రాల సైకిలు తొక్కిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇది తెలిసిన విద్యే. పెడల్స్ ముందు చక్రానికే ఉంటాయి గనక, వీధి వాలులోకి రాగానే కాళ్ళు రెండూ పైకెత్తి కేకలు పెడతారు. సర్కస్‌లో అమ్మాయిలు వెనక్కి తొక్కుతూ పోయే సైకిలు కూడా ఇదే జాతి. ఫ్రీవీల్ ఉంటే వెనక్కి తొక్కితే కిరకిర తప్ప కదలిక ఉండదు.

దీని బిగింపులో ఒక చమత్కారం ఉంది. పళ్ళ చక్రం మామూలు మరతో హబ్బుకి ఎక్కుతుంది, ముందుకి తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది. కానీ బండి ఆపడానికి కాళ్ళతో వెనక్కి నొక్కితే అది ఊడబోతుంది. అందుకని దాని పక్కనే ఎదురు మరతో ఇంకో రింగు పెడతారు. పళ్ళ చక్రం ఊడే వైపు తిరిగితే ఈ రింగు బిగుస్తుంది. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి ఇంట్లో ఒకరుండాలి, కాపురం ఊడిపోకుండా. సైకిలుకి ఎడమ పెడల్ మరా ఎదురుదే, ఆ సంగతి తెలియక పానాతో కుస్తీపట్టి మర పాడుచేసిన వీరులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

మన మామూలు సైకిళ్ళ వెనక హబ్బుకి ఆ రెండో మర ఉండదు. ఫ్రీవీల్ ఎక్కే మర మాత్రమే. పళ్ళ చక్రం దానికీ ఎక్కుతుంది, కొలత ఒకటే. దాన్ని గట్టిగా బిగించి, మధ్య ఇరుసుకి వాడే రింగు ఒకటి పక్కన పెట్టి, అయిపోయిందనిపించే కుర్రాళ్ళున్నారు. అలాంటి హబ్బుకి అమెరికాలో సూసైడ్ హబ్ అని పేరు. ఇంతకంటే నేను చెప్పేదేముంది, ముందు బ్రేకు మాత్రం తీయకండి బాబూ. 2012లో వచ్చిన ప్రీమియం రష్ సినిమాలో హీరో న్యూయార్కు ట్రాఫిక్‌లో బ్రేకుల్లేని సైకిలు మీద దూసుకుపోతాడు. అక్కడ అడ్డొచ్చేవి కార్లు. ఇక్కడ ముందు పోయే ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆటోకే తెలియదు.

ఆ బ్రేకు దగ్గరే పాత సైకిలుతో పేచీ వస్తుంది. కడ్డీ బ్రేకులు రిమ్మును లోపలి వైపునుంచి పట్టుకుంటాయి, ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి. తీగ బ్రేకు కట్టెలు పక్కలనుంచి నొక్కితే పట్టు దొరకదు. రిమ్ము మార్చాలంటే ఆ 28 అంగుళాల పాత కొలతలో చదును పక్కలవి దొరకడం గగనం. పోనీ కడ్డీలే ఉంచుకుంటే, నల్ల ఫ్రేము మీద ఆ నికెల్ కడ్డీలకి ఉన్నంత అందం ఏ కొత్త బ్రేకుకీ లేదు. వాన పడితే మాత్రం అందం మిగులుతుంది, ఆగడం ఉండదు.

ఇప్పుడు పన్ను సంగతి. ఫిక్స్‌డ్ మీద కుర్రాళ్ళు కాళ్ళు బిగబట్టి వెనక టైరును రోడ్డు మీద ఈడుస్తారు. కాలు ఎప్పుడూ ఒకే భంగిమలో ఆగుతుంది గనక టైరు ఎప్పుడూ కొన్ని చోట్లే రోడ్డుకి రాసుకుంటుంది. ఎన్ని చోట్ల? ముందు 48, వెనక 16 అయితే సరిగ్గా మూడు చుట్లు. ప్రతిసారీ టైరులో అదే చోటు కిందికి వస్తుంది. ఒక్క చోటే అరిగి, చిల్లుపడి, కొత్త టైరు దండగ. వెనక ఒక్క పన్ను పెంచి 17 చేయండి. 48కీ 17కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. ఇప్పుడు అరుగుదల పదిహేడు చోట్లకి పంచుకుపోతుంది. 46, 16 అయితే ఎనిమిది చోట్లు. 44, 16 అయితే నాలుగు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు కసాగు, గసాభా అని బెత్తంతో చెప్పింది ఇన్నాళ్ళకి ఒక టైరును కాపాడింది. మసాచుసెట్స్‌లో ఒక సైకిలు షాపులో పనిచేసిన షెల్డన్ బ్రౌన్ (1944–2008) అనే పెద్దమనిషి ఇలాంటి లెక్కలన్నీ ఓపిగ్గా రాసిపెట్టి పోయాడు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఫిక్స్‌డ్ సైకిలు కట్టుకున్నా ఆయన లెక్కల దగ్గరికి పోవలసిందే. నేనయితే కాళ్ళు బిగబట్టి టైరు ఈడ్చే వయసులో లేను. అయినా 48కి 17 అని కాగితం మీద వేసుకుంటే అదో తృప్తి.

జపానులో ఈ ఫిక్స్‌డ్ సైకిలు ఒక జూదం. 1948లో కొకురా ఊళ్ళో కీరిన్ అనే సైకిలు పందేలు మొదలుపెట్టారు, యుద్ధంలో చితికిన పురపాలక సంఘాలకి డబ్బు రావాలని. ఉక్కు ఫ్రేము, ఒకే గేరు, బ్రేకుల్లేవు. సైకిలులో ప్రతి భాగం మీదా ఎన్.జె.ఎస్. అనే ఆమోద ముద్ర ఉండాలి, లేకపోతే పందెంలోకి రానివ్వరు. జనం డబ్బు కాసేది గనక ఎవరి బండీ ఎవరి బండికంటే తెలివైనది కాకూడదు. అక్కడ వాడి పక్కన పెట్టిన ఫ్రేముల్ని అమెరికాలోనూ యూరప్‌లోనూ కుర్రాళ్ళు పోటీపడి కొన్నారు. ఫ్రాన్సులో టూర్ డి ఫ్రాన్స్ పెట్టిన అన్రీ డెగ్రాంజ్ ఇంకో రకం. గేర్లు మార్చే యంత్రాన్ని 1937 దాకా పందెంలోకి రానీయలేదు. అంతదాకా కొండ అడుగున దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి, రెండో వైపున్న పెద్ద పళ్ళ చక్రానికి చైను తగిలించుకుని ఎక్కేవాళ్ళు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకి అని ఆయన అభిప్రాయం. ఆ వయసు దాటి నాకు చాలా కాలమైంది, అయినా పట్టుదలలో నేను డెగ్రాంజ్ పార్టీయే.

చక్రం కట్టడం నేను చూసింది మా ఊరి సైకిలు షాపులో. అద్దె సైకిళ్ళు గంటకి ఇంత అని ఇచ్చే షాపు, మేస్త్రి ఒక్కడే. పాత సైకిళ్ళకి ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక దానికి 40. బరువంతా వెనకే గనక. ఆయన ఉత్త హబ్బూ ఉత్త రిమ్మూ ఒళ్ళో పెట్టుకుని, కబుర్లు చెబుతూనే నలభై స్పోకులూ అల్లేసేవాడు. తరవాత చక్రాన్ని తిరగేసిన సైకిలులో పెట్టి తిప్పి, బెండు ఎక్కడుందో చూసి, స్పోకుల్ని ఒక్కొక్కటీ వేలితో మీటి, తంబురా శ్రుతి చేసినట్టు చెవి ఒగ్గి వినేవాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇది ఏడుస్తోంది చూడు" అని అర చుట్టు బిగించేవాడు. ఓవరాయిలింగు రోజున సైకిలు మొత్తం విప్పి, బేరింగు బాల్సు కిరసనాయిలు పళ్ళెంలో వేసి నాకిచ్చేవాడు కడగమని. కాటర్ పిన్ను దిగ్గొట్టే పని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఆయన చేతి చక్రాలున్న సైకిలు ఒకటి మా ఇంట్లో ఉండాలి ఈపాటికి. మా నాన్నగారిది. నల్ల ఫ్రేము, తోలు సీటు, ముందు ఇత్తడి బిళ్ళ. నేను ఉద్యోగానికని ఊరు దాటగానే మా బావగారు దాన్ని పాత ఇనుము బండివాడికి ఇచ్చేశారు. డబ్బుకి కాదు. ఉల్లిపాయలకి! పాత ఇనుముకి ఉల్లిపాయలు అని అరుచుకుంటూ వచ్చే బండి ఆ రోజు మా వీధిలోకి రావాలా? చావిట్లో చోటు తినేస్తోందట. చావిట్లో అంతకంటే ఎక్కువ చోటు తిన్న మనుషులున్నారు, వాళ్ళనెవరూ తూకానికి వేయలేదు. కనీసం ఇత్తడి బిళ్ళయినా ఊడదీయకూడదా అంటే, "ఎన్ని ఉల్లిపాయలిచ్చాడో తెలుసా బావా" అంటారు ఇప్పటికీ. ఆయన ఇంట్లో పకోడీలు పెడితే నేను ముట్టుకోను. చెల్లెలు కారణం ఏమిటని అడగదు, ఆవిడకి తెలుసు.

ఇప్పుడు నగరాల్లో ఫిక్స్‌డ్ కట్టుకునే కుర్రాళ్ళు రిమ్ము ఒక రంగు, చైను ఒక రంగు, టైరు ఇంకో రంగు వేసుకుని అదేదో తాము కనిపెట్టినట్టు మురుస్తారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ మా వైపు పాల సైకిళ్ళు చూడలేదు వీళ్ళు. హబ్బు చుట్టూ రంగురంగుల బ్రష్షు, హ్యాండిల్ పిడులకి ప్లాస్టిక్ కుచ్చులు, సీటుకి జాలరు కుట్టిన మఖమలు తొడుగు, స్పోకులకి పూసలు, వెనక మడ్‌గార్డు రబ్బరు మీద తన హీరో బొమ్మ. డైనమో లైటుకి పసుపు కాగితం అంటించేవాళ్ళు, ఎందుకో మరి. సంక్రాంతికి ఎడ్ల కొమ్ములకి వేసిన రంగు మిగిలితే సైకిలుకి కూడా పడేది.

అలంకారమంటే, దిగకుండా సైకిలు తొక్కేవాడు వచ్చేవాడు చూడండి, వాడిదీ సైకిలు! మడ్‌గార్డులూ స్టాండూ ఏమీ ఉండవు, నిండా రంగు కాగితాలు. స్కూలు మైదానంలో గుంజలు పాతి, చుట్టూ తాడు కట్టి, మైకు పెట్టి, ఏడు రోజులు పగలూ రాత్రీ గుండ్రంగా తొక్కేవాడు. స్నానం సైకిలు మీదే, బిందె పైకెత్తి పోసుకునేవాడు. అన్నం సైకిలు మీదే. గడ్డం గీసుకోవడం కూడా, అద్దం హ్యాండిల్‌కి కట్టి. సాయంత్రాలు హ్యాండిల్ మీద కూర్చుని వెనక్కి తిరిగి తొక్కడం, ముందు చక్రం లేపడం, కింద పడేసిన రూపాయి బిళ్ళ పెదాలతో తీయడం. ఆడవాళ్ళు పనులు ముగించుకుని చాపలు తెచ్చుకునేవాళ్ళు. ఊరి పెద్దలు రూపాయి, రెండు, ఐదు నోట్లు వాడి చొక్కాకి పిన్నీసులతో గుచ్చేవాళ్ళు. ఆఖరి రోజుకి చొక్కా కనిపించేది కాదు.

నాలుగో రాత్రి వాడు దిగాడని మా పెద్దమ్మ కొడుకు అంటాడు. పంచాయతీ అరుగు మీద పడుకుని కళ్ళారా చూశాడట. వీడు తొమ్మిదింటికే గురకపెట్టే రకం. మొన్నామధ్య ఒక గృహప్రవేశంలో పక్క విస్తరి దగ్గర కూర్చుని మళ్ళీ అదే మాట ఎత్తాడు. దిగలేదన్నాను. దిగాడన్నాడు. వడ్డించే కుర్రాడు గారెల పళ్ళెం పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. నాలుగో రాత్రే దిగుంటే, ఏడో రోజు దాకా ఆ నోట్లు వాడి చొక్కా మీద ఉండనిచ్చేవాళ్ళా మా ఊరివాళ్ళు?