కొండ పక్కన సముద్రపు దారి

మారిషస్ వెళ్ళే అవకాశం వస్తే హోటలు, షాపింగులతోనే సరిపెట్టుకోకండి. ఒకరోజు కారు మాట్లాడుకుని నైరుతి మూల తీరం వెంబడి వెళ్ళే రోడ్డు చూసి రండి. లా గోలెట్ ఊరు దాటాక ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. మా చేజర్ల వైపు వాళ్ళకి ఉదయగిరి కొండ అలవాటే గానీ, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన లె మోర్న్ కొండని చూస్తే నోట మాట రాదు. ఎత్తు 556 మీటర్లు!

దాని కథ కూడా వినండి. యజమానుల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీదే తలదాచుకునేవారట. 1835లో బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికొచ్చిన సిపాయిల్ని చూసి, పట్టుకోడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

బానిసలు వదిలిన చెరకు పనికే మనదేశం కూలీల్ని ఓడలెక్కించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్ళకి కోరంగీలని పేరు పడింది. వాళ్ళ సంతతి ఇప్పటికీ రామభజనలు చేస్తారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు కూడానండోయ్!

ధాల్ పూరీ పొట్లం కట్టించుకుని వెళ్ళండి. లోపల ఉడికించిన పప్పు పొడి, అంటే బెల్లం వేయని బొబ్బట్టన్నమాట. మకొండే దగ్గర రోడ్డు బండరాళ్ళని చుట్టుకుని మలుపు తిరుగుతుంది. అక్కడ దిగి కాసేపు ఆ నీళ్ళు చూడండి. అవి దాటి వచ్చిన మన ఆడవాళ్ళలో ఎందరో మళ్ళీ పుట్టింటి గడప తొక్కనే లేదు.