మేడ్చలు ప్రయాణము

తీర్థయాత్రలనుగూర్చి మన పత్రికలో పలువురు వ్రాయుచుందురు. నేను వ్రాయబోవునది తీర్థయాత్ర కాదు, విహారయాత్రయు కాదు. మా మేనకోడలు వైమానికదళమున శిక్షణము ముగించి అధికారిణిగా పట్టము పొందు దినమున దానిని చూచుటకై మేము చేసిన మూడు దినముల ప్రయాణము. ఈ కాలమున మన యిండ్లనుండి బాలురే గాక బాలికలును సేనలలో చేరుచున్నారు. కావున ఇట్టి పిలుపు ఎవరి యింటికైనను రావచ్చును. అప్పుడేమి సిద్ధపఱచుకొనవలెనో, మేమెచ్చట పొరబడితిమో చెప్పినచో కొందఱికైన నుపకరించునని తలచి వ్రాయుచున్నాను.

ముందుగా స్థలము సంగతి. సికింద్రాబాదునుండి ఉత్తరముగా రెండు పెద్దబాటలు పోవుచున్నవి. ఒకటి మేడ్చలు మీదుగా నిజామాబాదు, నాగపురముల వైపు సాగు 44వ జాతీయరహదారి. రెండవది హకీంపేట, శామీర్‌పేటల మీదుగా కరీంనగరమునకు పోవునది. నగరముచుట్టును తిరుగు 158 కిలోమీటర్ల వలయమార్గము శామీర్‌పేటను, మేడ్చలును, వాని పడమటనున్న దుండిగల్లును ఒకదానితో నొకటి కలుపుచున్నది. ఆ దుండిగల్లులోనే వైమానికదళ అకాడమీ గలదు. 1967 అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు దానికి శంకుస్థాపనము చేసిరి. 1971 మొదలు అచ్చట శిక్షణము జరుగుచున్నది. ఏటేట జూనునెలలో నొకమారు, డిసెంబరునెలలో నొకమారు శిక్షణము ముగించినవారికి కవాతు జరిపి అధికారమిత్తురు. బిడ్డల తలిదండ్రులు దూరదేశములనుండి వచ్చి చూచునది ఈ కవాతునే.

ఇక మా సంగతి. మా అన్నగారు ఆ పిల్లకు పదియేండ్లు నిండకమునుపే గతించిరి. మా వదినె రేపల్లె దగ్గఱి పల్లెలో అత్తమామలను కనిపెట్టుకొని యుండిపోగా, పిల్ల చదువునకై తెనాలిలో మా యింట పెరిగినది. మా వారు బడిపంతులు. లెక్కలు వారు చెప్పిరి. భారత భాగవతములు నేను చెప్పితిని. కాలేజీచదువు ముగియగానే అది వైమానికదళపు ప్రవేశపరీక్షకు పోయెదననెను. మేము సరే యంటిమి. వదినెకు మాత్రము తెలుపలేదు. నెగ్గినప్పుడు చెప్పవచ్చుననుకొంటిమి. అది మా మొదటి తప్పు.

నెగ్గిన పిమ్మట నేను పల్లెకు పోయి చెప్పితిని. వదినె మారుమాటాడలేదు. ఆమెకు ధైర్యము కలిగింపవలెనని నాకు తెలిసినదెల్ల ఏకరువు పెట్టితిని. 1994 సెప్టెంబరు 2న హరితా కౌర్ డియోల్ అను ఇరువదిరెండేండ్ల పడుచు ఒంటరిగా వైమానికదళ విమానమును నడపినదంటిని. 2016 జూను 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగు అను మువ్వురు ఈ దుండిగల్లులోనే పట్టము పొంది మన దేశమున మొదటి యుద్ధవిమాన చోదకురాండ్రైరంటిని. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు 2023 జూను 17న స్వయముగా ఇచ్చటికే వచ్చి వందనము స్వీకరించిన సంగతియు ఆ పిమ్మట చెప్పితిని. కాని హరిత 1996 డిసెంబరు 24న, ఇరువదియైదేండ్ల ప్రాయమున, నెల్లూరి చేరువ విమానము కూలి మరణించినదని మాత్రము చెప్పలేదు. అది రెండవ తప్పు, మొదటిదానికంటె పెద్దది.

2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్లునుండి లేచిన శిక్షణవిమానమొకటి, మేడ్చలు దాటి అదే పెద్దబాటమీద నున్న తూప్రాను దగ్గఱ కూలినది. నేర్పువారొకరు, నేర్చుకొనువారొకరు, ఇరువురును అసువులు బాసిరి. వదినె ఆ వార్తను పొరుగింటి టెలివిజనులో వినినది. సాయంకాలమునకు మా పిల్లనుండి క్షేమవార్త వచ్చినది గాని, ఆ నడుమ గడచిన గంటలు ఆమె మఱచునవి కావు. హరిత కథయు అప్పుడే ఎవరో ఆమె చెవిని వేసిరి. "తెలిసియే దాచితివా?" అని నన్నొక్కమాట యడిగి, నెలదినములు నాతో మాటలాడలేదు.

2024 జూను 15, శనివారము కవాతని పిల్ల వ్రాసినది. లోనికి వచ్చుటకు తన తల్లిపేరును, నా పేరును ఇచ్చినదట. వదినెకు కబురు పంపగా, "నీవే పోయిరమ్ము. పెంచినదానవు నీవే గదా!" అని బదులు వచ్చినది.

నేను కాగితము, కలము తీసికొని కూర్చుండి ప్రయాణపు పట్టిక యొకటి వ్రాసితిని. చార్మినారు, గోలకొండ, సాలార్జంగు మ్యూజియము, బిర్లామందిరము అన్నియు అందులో నున్నవి. ఇన్ని వింతలు చూపెదమన్నచో వదినె రాకపోదని నా యూహ. మా వారు దానిని చదివి, "ఇందులో ఆమె చూడగోరున దొక్కటియైన నున్నదా?" అనిరి. నాకు సమాధానము తోచలేదు. మఱునాడు పట్టికను ఇంటనే విడిచి పల్లెకు పోతిని. "వదినా, నీ బిడ్డను నీకు చెప్పకుండ పంపితిని. సగముకథ చెప్పి, సగము దాచితిని. నాదే తప్పు" అంటిని. ఆమె చాలసేపు బియ్యము చెరుగుచునే యుండెను. పిమ్మట, "నేను చప్పట్లు కొట్టుటకు రాను. అది యెక్కడ పండుకొనునో, ఏమి తినునో, ఏ నేలమీదినుండి పైకి లేచునో చూచుటకు వత్తును" అనెను. మా ప్రయాణమునకు అదియే నిజమైన పట్టిక యైనది.

ఇట్టి ప్రయాణమునకు మొదట సరిచూడవలసినది పేర్లు. వదినె ఆధారుకార్డులో పుట్టింటి యింటిపేరున్నది. పిల్ల తెలిపినది అత్తింటి యింటిపేరు. మా వారు దీనిని ముందే కనిపెట్టుటచే, కార్డులో నున్నట్లే పేరు దిద్ది పంపుమని పిల్లకు వ్రాసితిమి. వాకిటికడ నిలిచిన పిమ్మట తెలిసియుండినచో ఎంత క్లేశమయ్యెడిదో! రెండవది బస. కవాతు ప్రాతఃకాలమున జరుగును గాన, ఆ యుదయమే నగరమధ్యమునుండి బయలుదేరుట కష్టము. ముందునాటి రాత్రికే ఆ చేరువ నుండవలెను. మా వారి పూర్వశిష్యుడొకడు మేడ్చలులో కాపురమున్నాడు. వాని యింట దిగితిమి. మేడ్చలునకు సికింద్రాబాదునుండి రైలుదారి కలదు. 2023 ఏప్రిలునుండి ఎం.ఎం.టి.ఎస్. బండ్లును నడచినవి, వేళలు ముందే విచారించుకొనవలెను. మూడవది ముసలివారి మోకాళ్లు. వదినె కూర్చుండి లేచుటకు ప్రయాసపడును గనుక, రైలులో క్రిందిబల్లకే టిక్కెట్టు తీసితిమి. శుక్రవారము ఎక్కువ తిరుగుట పెట్టుకొనలేదు. మృగశిరకార్తె ప్రవేశించినందున గొడుగులు వెంట నుంచుకొంటిమి.

శుక్రవారముదయము శిష్యుడు కారు తెచ్చి మమ్ము బొల్లారము, హకీంపేటల బాటను తీసికొనిపోయెను. హకీంపేటలో వైమానికదళపు విమానాశ్రయము గలదు. కడపటి నెలలలో మా పిల్ల హెలికాప్టరు నడపుట నేర్చినది అచ్చటనే. పొడవైన గోడ తప్ప బాటకు కనబడునది లేదు. అయినను వదినె బండి నాపించి ఆ గోడవైపు కొంత తడవు చూచెను. శామీర్‌పేట చెఱువు వానలకు మునుపటి కాలమగుటచే లోనికి తగ్గియున్నది. గట్టున చెట్టునీడను కూర్చుండి ఇంటినుండి తెచ్చిన పులిహోర తింటిమి. ప్రక్కనున్న జింకలవనమునకు పోదమా యని శిష్యుడడిగెను. "జింకలను చూచుటకు రాలేదు నాయనా" అని వదినె చెప్పగా అందఱము నవ్వితిమి. నెలల పిమ్మట ఆమె ముఖమున నవ్వు చూచుట అదే మొదలు.

శనివారము తెల్లవారకమునుపే లేచి దుండిగల్లు చేరితిమి. కార్డులు చూచి, సంచులు వెదకి, లోనికి పంపిరి. కవాతుమైదానమున శిక్షితులు వరుసలు దీరి నిలిచిన తీరు వర్ణింప నా తరము కాదు. అన్ని ముఖములు ఒక్కటిగానే తోచెను; వదినె మాత్రము క్షణములో తన బిడ్డను గుర్తించినది. నాటి వైమానికదళాధిపతి వి.ఆర్. చౌదరిగారు వందనము స్వీకరించిరి. విమానము నడపువారికి రెక్కలగుర్తు ఎదపై తొడిగిరి. ఫ్లయింగు ఆఫీసరు పదవి నొసగిరి. అందఱును ప్రమాణము చేసిరి. విమానములు తలపైనుండి సాగినప్పుడు ఎల్లరును తలలెత్తి చూచుచుండగా, వదినె కన్నులు మూసికొని నా చేయి పట్టుకొనెను. నేనేమియు మాటలాడలేదు. ఇదివఱకు మాటలాడినది చాలును. తుదకు రవీంద్రనాథ ఠాకూరుగారి "ఆనందలోక" గీతపు బాణీ మ్రోగుచుండ, క్రొత్త అధికారులు మెల్లని యడుగులతో రెండు వరుసలుగా నడచిపోయిరి. క్రిందితరగతివారు వారికి మొదటి వందనము చేసిరి.

కవాతు ముగిసిన పిదప పిల్ల మా కడకు వచ్చి ఇరువురకును పాదములంటి మ్రొక్కినది. వదినె అడిగిన మొదటిమాట, "అన్నము వేళకు పెట్టుచున్నారా?" అని. పిల్ల నవ్వి, తానున్న తావు ఇదియని, భోజనశాల అదియని, విమానములు లేచు బాట ఆ వంకనని చేయిచాచి చూపినది. అన్నియు చూచిన తరువాత వదినె మెల్లగా, "డిసెంబరులో ఆ దినమున నీకెట్లుండినది?" అని యడిగెను. ఆ ప్రశ్న విని నా గుండె ఝల్లుమనినది. పిల్ల కొంతసేపు తలవంచుకొని, "చాల భయమైనదమ్మా. మఱల విమానమెక్కునప్పుడు చేతులు చెమర్చినవి. నీతో చెప్పలేకపోతిని" అనెను. నేను మాట త్రిప్పబోతిని. వదినె నన్ను వారించి, బిడ్డ చెంప నిమిరి, "ఇంతకాలము నీవు భయ మెఱుగని పిల్లవని నేను భయపడితిని. ఎఱిగినదానవే. ఇక చూచుకొందువు" అనెను.

సోదరీమణులారా, ఆ మాట నేను ఊహించినది కాదు. ధైర్యవంతుల కథలు చెప్పి ఆ తల్లికి ధైర్యము పోయవలెనని రెండేండ్లు ప్రయత్నించితిని. ఆమెకు కావలసినది ఆ కథలు కావు, నిజము. మేము దాచినకొలది ఆమె భయము పెరిగినది. బిడ్డనోట సత్యము వినగానే కొంత తగ్గినది. కొంతయే సుమా! పూర్తిగా తగ్గునని నేననను.

ఆదివారము కీసరగుట్టకు పోతిమి. శామీర్‌పేటకు ఆవలి దిక్కుననున్న ఈ కొండపై రామలింగేశ్వరుడున్నాడు. రావణవధానంతరము శ్రీరాముడు లింగప్రతిష్ఠ చేయదలచి హనుమంతుని కాశికి పంపెననియు, అతడు నూటయొక్క లింగములతో వచ్చుసరికి ముహూర్తము మించునని స్వామియే స్వయముగా ఒక లింగ మొసగెననియు, హనుమంతుడు చిన్నవోయి తెచ్చినవానిని వెదజల్లెననియు స్థలపురాణము. కొండపై అందందు లింగములు నేటికిని కానవచ్చును. కేసరి పుత్రుని పేరనే కేసరిగిరి, కీసర యైనదందురు. విష్ణుకుండినుల కాలపు ఇటుకకట్టడముల జాడలును ఇచ్చట బయల్పడినవి.

మెట్లమీద విశ్రమించినప్పుడు వదినె నన్ను హనుమంతుని బాల్యకథ చెప్పుమనెను. పసివాడు సూర్యుని పండనుకొని ఎగురుటయు, వజ్రపుదెబ్బకు కూలుటయు, వాయుదేవుడు అలుగుటయు, దేవతలు వరములిచ్చుటయు చెప్పితిని. "అంతవఱకు అంజనాదేవి యేమి చేయుచుండినది?" అని యడిగెను. పండ్లకై అడవికి పోయినదని మాత్రమే నేను చదివినది. "చూచితివా! బిడ్డ ఎగురునప్పుడు తల్లి నడుగువారు లేరు" అని ఆమె యనగా, నాకు తల వంగినది.

ఆ రాత్రియే రైలెక్కితిమి. వదినె తెచ్చిన క్రొత్తావకాయ జాడీ పిల్లకడ నుండినది. దాని పాతబూట్లు జత యొకటి వదినె సంచిలో నుండినది. ఎందుకని నేనడుగలేదు.

ఇట్టి పిలుపు మీ యింటికి వచ్చినచో, పేర్లు సరిచూచుకొనుడు, ముందునాడే చేరుడు, ముసలివారి మోకాళ్లను తలచుకొనుడు. అన్నిటికంటె ముందు, ఎవరు రానని మొండికెత్తుచున్నారో వారికడకు పోయి, వారేమి చూడగోరుచున్నారో యడుగుడు. ప్రయాణపు పట్టిక ఆ పిమ్మట వ్రాసికొనవచ్చును.