రామకుప్పం ఇంట్లో బాక్స్‌ఫిష్: కొళత్తూరు బజారు చూశాక

రామకుప్పం మండలంలో ఇంట్లో రంగు చేపలు పెంచాలనుకునేవాళ్లు సామాన్ల కోసం బెంగళూరు వైపో చెన్నై వైపో చూడాల్సిందే. కుప్పం స్టేషన్లో చెన్నై రైలెక్కితే సుమారు 250 కిలోమీటర్లు. ఆ నగరానికి వాయవ్యంలో ఉన్న కొళత్తూరు దేశమంతటా పేరున్న రంగు చేపల బజారు. సముద్రానికి ఇంత దూరంలో, రాతినేల మీద, బోరు నీళ్లతో గడిచే ఊళ్లో బాక్స్‌ఫిష్ అనే సముద్రపు చేపను పెంచవచ్చా, పెంచగలిగినా పెంచడం న్యాయమేనా అన్న ప్రశ్నతోనే ఆ బజారు చూడబోయాను. నాకు దొరికిన జవాబు ముందే చెబుతాను. డబ్బు, ఓపిక, పరికరాలు అన్నీ సమకూరినా ఈ చేప ఇంటి తొట్టికి తగినది కాదు. కారణం పెంచేవాళ్ల చేతకానితనం కాదు. ఆ చేప ఒంటి నిర్మాణం, అది భయపడినప్పుడు చేసే పని, అది పెరిగే పరిమాణం, ఈ మూడూ ఇంటి తొట్టికి సరిపడవు. చేపలంటే నిజంగా ఇష్టమున్నవాళ్లు ఈ చేపను కొనకుండా ఉండటమే దానికి చేయగలిగిన మేలు.

కొళత్తూరు వీధుల్లో ముందుగా కంటబడేవి సముద్రపు చేపలు కావు. గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు, ఏంజెల్‌ఫిష్‌లు, గాజు సీసాల్లో ఒక్కొక్కటిగా ఫైటర్లు. ఆక్సిజన్ ఊది బిర్రుగా రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ సంచుల్లో అవి ఊళ్లకు బయలుదేరుతుంటాయి. ఇవన్నీ మంచినీటి చేపలు, తరతరాలుగా మనుషుల తొట్లలోనే గుడ్లు పెట్టో, పిల్లల్ని కనో, మనిషి వేసే మేతకు అలవాటు పడినవి. కొళత్తూరుకు పేరు తెచ్చినది కూడా అమ్మకం ఒక్కటే కాదు, ఇళ్ల దగ్గర తొట్లు కట్టి పిల్లలు తీసే ఈ పనే. ఉప్పునీటి చేపలమ్మే దుకాణాలు వీటి మధ్య తక్కువే. అక్కడ అడుగుపెడితే సరంజామా అంతా మారిపోతుంది. ఉప్పు మిశ్రమం బకెట్లు, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటర్, నీటిలోని మలినాన్ని నురగగా లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్, నీటిని చల్లబరిచే చిల్లర్. అంతకంటే పెద్ద తేడా చేపల పుట్టుకలో ఉంది. బయటి వీధిలోని గప్పీ తొట్టి బిడ్డ. లోపలి బాక్స్‌ఫిష్ సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర పట్టుబడినది. దాన్ని తొట్లలో పిల్లలు చేయించి బజారుకు పంపే పద్ధతి ఇంకా నిలదొక్కుకోలేదు.

దుకాణంలో చూసే బాక్స్‌ఫిష్ పిల్ల ఎవరినైనా ఆకట్టుకుంటుంది. బొటనవేలి గోరంత పసుపుపచ్చని ఘనం, ఒళ్లంతా నల్లచుక్కలు. దగ్గరగా చూస్తే దాని ఒళ్లు అసలు వంగదని తెలుస్తుంది. తేనెపట్టు గదుల్లాంటి ఆరు పలకల ఎముక బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెట్టెగా ఏర్పడ్డాయి. ఆ పెట్టె రంధ్రాల్లోంచి కళ్లు, నోరు, రెక్కలు, తోక మాత్రమే కదులుతాయి. గాజు గోడ దాకా వచ్చి, ఒళ్లు వంచకుండా, చిన్న రెక్కలు వేగంగా ఆడిస్తూ ఉన్నచోటే గిర్రున తిరిగి వెనక్కి మళ్లుతుంది. ఈ ఆకారాన్ని చూసి మనుషులు పొరబడటం కొత్త కాదు. 2005లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఈ చేపను చూసి, నీటిని సునాయాసంగా చీల్చుకుపోయే ఆకారమని నమ్మి, బయోనిక్ అనే నమూనా కారు చేసింది. 2015లో శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, ఈ పెట్టె ఆకారం వేగానికి గానీ నిలకడకు గానీ పనికొచ్చేది కాదని, ఆ నిలకడలేనితనమే పగడాల సందుల్లో చటుక్కున తిరగడానికి తోడ్పడుతుందని తేలింది. అంటే ఇది నిరంతరం సందులు వెతుకుతూ, మలుపులు తిరుగుతూ బతికే చేప. నాలుగు గాజు గోడల మధ్య దానికి తిరగడానికి మిగిలేది ఆ గోడలే.

అసలు చిక్కు దాని చర్మంలో ఉంది. వేగంగా పారిపోలేని ఈ చేప, ప్రాణభయం కలిగినప్పుడు ఒంటి మీది నుంచి విషం వదులుతుంది. హవాయిలో జరిగిన పరిశోధన 1964లో ఈ విషాన్ని ఆస్ట్రసిటాక్సిన్ పేరుతో లోకానికి తెలిపింది. 1967లో రసాయన శాస్త్రవేత్తలు దాని నిర్మాణాన్ని తేల్చి పహుటాక్సిన్ అన్నారు. అది సబ్బు గుణమున్న పదార్థం. నీటిలో నురగ కడుతుంది, చేపల మొప్పల మీద పనిచేస్తుంది, ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. సముద్రంలో ఆ విషం క్షణాల్లో అలల్లో కలిసి పలచబడుతుంది, కొరకబోయిన పెద్ద చేప పక్కకు తప్పుకుంటుంది. మూసిన తొట్టిలో ఆ అవకాశం లేదు. వదిలిన విషం అక్కడే తిరుగుతుంది, తోటి చేపలు చస్తాయి, మోతాదు మించితే విషం వదిలిన చేప కూడా చస్తుంది. ఇక ప్రయాణం సంగతి చూడండి. లీటరో రెండు లీటర్లో నీళ్లున్న సంచిలో, చీకట్లో, కుదుపుల్లో, చెన్నై నుంచి కుప్పం దాకా రైల్లో, అక్కడి నుంచి రామకుప్పానికి బస్సులోనో బండి మీదో. ఆ చేప భయపడటానికి ఇంతకంటే ఏం కావాలి? దాన్ని కాపాడాల్సిన ఆయుధమే ఆ సంచిలో దాని మీదికి తిరుగుతుంది.

బతికి ఇల్లు చేరిందే అనుకుందాం. గోరంత పిల్ల అంతే ఉండిపోదు. పసుపు బాక్స్‌ఫిష్ సముద్రంలో మూరెడు, అంటే 45 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కొమ్ములుండే దాని బంధువు కౌఫిష్ కూడా దాదాపు అంతే. పెరిగేకొద్దీ ఆ పసుపు కూడా వెలిసిపోతుంది. అలాంటి చేపకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి కూడా ఇరుకే. అయినా లెక్క కోసం దాన్నే తీసుకుందాం. అందులో పట్టేది సుమారు 680 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున మొదటిసారి కలపాల్సిన ఉప్పు మిశ్రమమే 24 కిలోలు. వారానికి పదిహేను శాతం నీళ్లు మార్చినా వంద లీటర్లు, మూడున్నర కిలోల ఉప్పు. ఏడాదికి అది 5,300 లీటర్లు, 185 కిలోలు. బోరు నీళ్లు నేరుగా పనికిరావు, ఆర్‌ఓ యంత్రంతో శుద్ధి చేయాలి. అలా వచ్చే ఒక్కో లీటరుకు రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి కాబట్టి ఒక్క చేప కోసం ఏడాదికి పది వేల లీటర్లకు పైగా నీళ్లు కాలవపాలు. వెయ్యి అడుగులు దాటినా బోర్లలో నీరు పడని పొలాలున్న ప్రాంతం ఇది. హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా జలాలు కుప్పానికి చేరింది 2025 ఆగస్టులోనే. ఇక్కడ నీటి బొట్టు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా కరెంటు కొన్ని గంటలు పోతే పంపు ఆగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, నీటిని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా దెబ్బతింటే అమ్మోనియా పెరుగుతుంది. అర్ధరాత్రి ఆపద వస్తే పరుగెత్తి తెచ్చుకోవడానికి పక్కన సముద్రం లేదు, దుకాణం లేదు.

తిండి, తోడు కూడా సమస్యలే. బాక్స్‌ఫిష్ నోరు చిన్నది. పాచి, స్పాంజీలు, పురుగులు, చిన్న రొయ్యల వంటివాటిని రోజంతా కొద్దికొద్దిగా ఏరుకు తింటుంది, ఇసుక మీదికి నీటిని ఊది కింద దాగినవాటిని బయటపెట్టుకుంటుంది. తొట్టిలో పొద్దునా సాయంత్రం వేసే మేతను చురుకైన చేపలు ముందే మింగేస్తే ఇది ఆకలితో మిగిలిపోతుంది. వాటిలో కొన్ని దీని రెక్కలు కొరుకుతాయి, అప్పుడు మళ్లీ భయం, మళ్లీ విషం. అందుకని తోడు లేకుండా ఒంటరిగా ఉంచాలి. పగడాలతో అలంకరిద్దామంటే చట్టం ఒప్పుకోదు. మన సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చివరికి మిగిలేది ఇసుక, బోడి రాళ్లు, ఒంటరి చేప. కొనేటప్పుడు మనసులో ఊహించుకున్న సముద్రం అక్కడ ఎక్కడా ఉండదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. అనుభవజ్ఞులు బాక్స్‌ఫిష్‌ను ఏళ్ల తరబడి పెంచిన ఉదాహరణలు లేవా? ఉన్నాయి. వేల లీటర్ల తొట్లు, రాత్రింబవళ్లు కనిపెట్టుకునే మనుషులు, ఆగని కరెంటు ఉన్నచోట అది సాధ్యమే. కానీ బతికిన చేపల కథలే మనదాకా వస్తాయి. సంచిలో పోయినదాని గురించి, మొదటి నెలలో తిండి ముట్టక పోయినదాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. నలుగురు నిపుణులకు సాధ్యమైన పని వీధిలో అందరికీ అమ్మదగిన సరుకు అయిపోదు. రెండో అభ్యంతరం, తూర్పు తీరంలో ట్రాలర్ల వలల్లో బాక్స్‌ఫిష్ జాతులు ఎలాగూ పడి చస్తున్నాయి కదా, తొట్టిలో బతికితే మేలు కదా అని. ట్రాల్ వలలో నలిగి పైకొచ్చిన చేప తొట్టికి పనికిరాదు. తొట్టి కోసం పట్టేది వేరు, దిబ్బల దగ్గర చేతివలతో ఏరి పట్టే పిల్లలు. కాబట్టి మనం ఒకటి కొంటే వలలో ఒకటి తగ్గదు, దిబ్బ దగ్గర ఇంకొకటి తగ్గుతుంది.

జీవనోపాధి సంగతి ఇంకా బరువైన ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే కొళత్తూరు కుటుంబాలకు కూడు పెడుతున్నది ప్రధానంగా తొట్లలో పుట్టిన మంచినీటి చేపలే. ఉప్పునీటిలోనూ దారి లేకపోలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్‌ఫిష్‌ను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలు తీసే పద్ధతిని అభివృద్ధి చేసింది. అరచేతిలో ఇమిడే చేప అది, మనిషి వేసే మేత తింటుంది, సముద్రంలో ఒక్క చేప తగ్గదు. ఉప్పునీటి తొట్టి పెట్టి తీరాలనే పట్టుదల, దానికి తగిన స్తోమత ఉన్నవాళ్లు అలా పుట్టిన క్లౌన్‌ఫిష్‌నే అడిగి తెచ్చుకోవాలి. చట్టం చెబుతుందిలే అని ఊరుకోవడానికీ లేదు. 2017లో కేంద్రం అక్వేరియం దుకాణాల మీద నియమాలు తెచ్చి, అభ్యంతరాలు రావడంతో వెనక్కి తీసుకుంది. బాక్స్‌ఫిష్ అమ్మకం నేరం కాదు. నేరం కానిదల్లా మంచి పని అయిపోదు.

రామకుప్పం పిల్లలు సముద్రాన్ని చూసేదెలా అన్న ప్రశ్న మిగిలింది. సముద్రం చూడాలంటే సముద్రం దగ్గరికే తీసుకెళ్లాలి, విశాఖ బీచ్‌లోని మత్స్యదర్శిని వంటి చోట్లు అందుకే ఉన్నాయి. ఇంట్లో, బడిలో పెంచడానికి మన చెరువులే చాలు. వెండిలా మెరిసే పరిగెలు గుంపుగా తిరుగుతాయి. తలమీద తెల్లని చుక్కతో నీటి పైపొరను అంటిపెట్టుకుని ఈదే చిన్న చేప ఒకటుంది, దోమపిల్లలు కనబడితే చాలు, ఎగబడి తింటుంది. వీటికి ఉప్పు అక్కర్లేదు, చిల్లర్ అక్కర్లేదు, మన వాతావరణం వీటి పుట్టిల్లు. ఇవీ బందీలే కదా అంటే, నిజమే. కానీ వేలెడు చేపకు రెండడుగుల తొట్టి సరిపోతుంది, భయపడినా తన నీటిని తానే విషం చేసుకోదు. బందిఖానా అన్నిటికీ ఒకే బరువు కాదు.

అందుకే దుకాణదారులను నేను కోరేది ఒక్కటే. ప్రతి తొట్టి మీద ధరతో పాటు మూడు మాటలు రాయండి: ఈ చేప ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది, తొట్టిలో పుట్టిందా సముద్రంలో పట్టిందా. కొనేవాళ్లు కూడా ఆ మూడూ అడిగాకే జేబులో చెయ్యి పెట్టాలి. బాక్స్‌ఫిష్ విషయంలో ఆ మూడు జవాబులూ నిజాయితీగా వింటే, దాన్ని ఇంటికి తేవాలనే కోరిక అక్కడే ఆగిపోవాలి. అలా అడిగేవాళ్లు పెరిగితే కొళత్తూరు వ్యాపారం పడిపోదు. తొట్లలో పిల్లలు తీసేవాళ్ల చేతికి మరింత పని వస్తుంది, దిబ్బల దగ్గర చేతివల వేసే అవసరం తగ్గుతుంది.