ఈ ఏడు చద్దరు విప్పలేదు

నేను చదివింది నాలుగో తరగతి దాకా, షోలాపూర్‌లో తెలుగు బడిల. రాతలో తప్పులుంటే మన్నించాలి. ఊరు విడిచి పోవాల్నా, ఉండాల్నా అని మా ఇంట్ల ఆరు నెలల సంది ఒక మాట నడుస్తున్నది. మీ ఇండ్లల్ల కూడా నడుస్తుండొచ్చునని రాస్తున్న.

మా షోలాపూర్‌లో సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డ యాత్ర జరుగుతది. ఏడు నందిధ్వజాలు ఊరి చుట్టున్న 68 లింగాల దర్శనానికి బయలుదేరుతయి. మోసేవాళ్లు, వెంట నడిచేవాళ్లు తెల్లటి బారాబందీ అంగీలు తొడుగుతరు. నా చిన్నతనంల ఆ యాత్ర చూడవచ్చినోళ్లు శాలువనో చద్దరో లేకుండ నిలబడేటోళ్లు కాదు. నోరు తెరిస్తే పొగ వచ్చేది. మా నాయిన రాత్రి పాళి దిగి మిల్లు నుంచి సీదా అక్కడికే వచ్చేవాడు, నెత్తి మీద దూది పింజలతోనే. నన్ను తన చద్దర్ల చుట్టి భుజం మీద ఎక్కించుకునేవాడు.

ఈ జనవరిల నా మనవణ్ని పట్టుకొని అదే తొవ్వల నిలబడ్డ. పొద్దు పదకొండు కూడా కాలేదు, పిల్లగాడు చెమటకు తడిసి ఐసుక్రీం కావాలని ఏడ్చిండు. నా చద్దరు ఇంటికాడ పెట్టెలనే ఉండిపోయింది. నలభై ఏండ్లు మగ్గం కాడ నిలబడ్డ మనిషిని, అందుల ఇరవై రెండేండ్లు చద్దర్లే నేసిన. చలికాలం పోయింది, పెట్టెల నుంచి చద్దరు తీయనే లేదు.

మా తాత సిరిసిల్ల దిక్కు మనిషి. అక్కడ మగ్గం మీద కూడు ఎల్లక, ముగ్గురు పిల్లలను తీసుకొని షోలాపూర్ వచ్చిండు. 1877లో మొదలైన జూని మిల్లు, దాని వెనక వచ్చిన మిల్లులు మనోళ్లను వేల మందిని ఇక్కడికి పిలిచినయి. భోంగా మోగితే లేచుడు, భోంగా మోగితే తినుడు. నేను 1976ల నేత ఖాతాల చేరిన. ఆ మిల్లు మూతపడ్డంక అక్కల్‌కోట్ రోడ్డు మీద కార్ఖానాల జకార్డ్ మగ్గం పట్టిన.

షోలాపూర్ చద్దరు మీకు తెలియంది కాదు. ఒక దిక్కు ఎర్ర నేల మీద తెల్ల పువ్వుంటే, తిప్పితే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. మా చద్దరుకు, మా టెర్రీ తువాలకు సర్కారు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. దాని బేరమంతా చలి మీదనే. వానకాలమంతా నేసి గోదాంల పేరుస్తరు. దివాళి దాటి చలి పడితే లారీలు కదులుతయి. చలి గట్టిగ పడ్డ ఏడు మాకు ఆదివారం కూడా పని. చలి పడని ఏడు సేటు గోదాం తలుపు తీసి చూసి, ఏమనకుండ మూసేవాడు. ఆ వారం నుంచి మూడు దినాలే పని. నేను పని మానేసే నాటికి మా కార్ఖానాల సగం మగ్గాలు చద్దరు దించి తువాల ఎక్కించినయి. అంతా చలి మీదికే నెట్టుడు న్యాయం కాదు. పానిపట్టు నుంచి అగ్గువ పాలిస్టర్ కంబళ్లు వచ్చినయి, అవి కూడా మా బేరం తిన్నయి. కని కొనెటోనికి చలి పెడితె గదా, నూలుదా పాలిస్టర్‌దా అని చూసేది.

మా కొడుకు ఫోన్ల చదివి చెప్పిండు. దేశంల వేడి లెక్క 1901 నుంచి రాసి పెట్టిండ్రట. అన్ని ఏండ్లల్ల 2024 అన్నిటికంటె వేడి ఏడు. 2025 ఫిబ్రవరి కూడా అప్పటి నుంచి వచ్చిన ఫిబ్రవరిలన్నిట్ల వేడిది. బొగ్గు, పెట్రోలు కాలిస్తే వచ్చే గ్యాసు పైకి పోయి, భూమి వేడిని బయటికి పోనియ్యదట. "భూమికి చద్దరు కప్పినట్టే బాపు" అన్నడు. చద్దరు సంగతి నాకు చెప్పే పని లేదు. మా నాయిన, నేను మిల్లు పొగగొట్టం కింద బతికినోళ్లమే, ఆ బొగ్గు కూడా అందుల ఉన్నది. ఆ మాట నేను కొడుకుతో అనలేదు.

వేసంగి మాకు కొత్త కాదు. మే నెలల 40 దాటుడు షోలాపూర్‌ల మామూలే. చిన్నప్పటి నుంచి ఓర్చుకున్నం. ఎట్ల ఓర్చుకున్నమంటే, వెనకనో ముందటనో చలికాలం ఉండె. నాలుగు నెలలు ఒళ్లు తేరుకునేది. శివరాత్రికి చలి శివశివా అని పోతదని పెద్దలు అనేటోళ్లు. ఇప్పుడు శివరాత్రి వచ్చేటాలకు ఫ్యాన్ తిరగబట్టి నెల అయితున్నది.

మాది రేకుల ఇల్లు, ఇక్కడ పత్రా ఇల్లు అంటరు. మిల్లు మూతపడ్డంక వచ్చిన పైసలతోటి కొన్నది. మా ఇంటామె ఆ ఇంటి గడప కాడ కూసొని బీడీలు చుడుతున్నది. ఆమె చలికాలాన్ని తునికాకుతోటి కొలుస్తది. రాత్రి తడిపి గుడ్డల చుట్టిన ఆకు, చలి ఉంటే పగటీలి దాకా మెత్తగ ఉంటది. వేడి ఉంటే పది గంటలకే ఎండి, కత్తెర పెడితే పలుగుతది. ఆకు పలిగితే బీడీలు తక్కువైతయి, కార్ఖానాల ఛాట్ తీస్తరు, కూలి తెగుతది. పోయిన ఏడు ఫిబ్రవరిల ఒక పగటీలి చాట ఒళ్లె పెట్టుకొనే పక్కకు ఒరిగింది. ఎదురింటి పిల్ల చూసి ఉరికొచ్చింది. డాక్టరు బీ.పీ. గోలి రాసి, "ఈమెను చల్లగున్న కాడ ఉంచుండ్రి" అన్నడు. మా ఇంట్ల చల్లగున్న కాడు ఏదని అడుగుదామనుకున్న, అడగలేదు.

కొడుకు పుణెల ఉంటడు. "బాపు, నువ్వు అవ్వ ఇక్కడికే వచ్చేయిండ్రి, ఇల్లు అమ్మేద్దాం" అన్నడు. ఒకసారి చూసి వద్దామని డిసెంబరుల ఇద్దరం హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. పొద్దున్నే షోలాపూర్‌ల బయలుదేరి పగటీలి కాకముందే పుణెల దింపుతది. భిగ్వన్ దిక్కు ఉజని డ్యాం వెనక నీళ్లు వస్తయి. చలికాలం అక్కడికి పొడుగు కాళ్ల గులాబి కొంగలు వేల కొద్ది వలస వస్తయి. ఆ ఊరి మనిషి ఒకడు డబ్బాల ఎక్కి అవి ఎంత దూరం నుంచి వస్తయో చెప్పుకుంట పోయిండు. మా ఇంటామె విని, "అవి కూడా చల్లటి నీళ్లు వెతుక్కుంట వస్తున్నయా" అన్నది. ఎవరం జవాబు చెప్పలేదు.

పుణెల కొడుకు ఉండేది హడప్సర్ దిక్కు, మూడో అంతస్తుల రెండు గదులు. మొదటి దినం తెల్లారి నిజంగనే చలి పెట్టింది. మా ఇంటామె గ్యాలరీల నిలబడి కొంగు నెత్తి మీదికి కప్పుకున్నది. ఎన్ని ఏండ్లకు ఆమెను అట్ల చూసిన్నో. మొఖం తేటగున్నది. ఆ దినమే నేను మనసుల ఇల్లు అమ్మేసిన.

నాలుగో దినానికి సంగతి వేరే అయింది. కొడుకు, కోడలు పొద్దున పోతే రాత్రి వచ్చుడు. మనవడు బడికి. కింద దిగితే తెలుగు మాట లేదు. ఆమెకు మరాఠీ వచ్చు, కని మాట్లాడేటందుకు మనిషి ఉండాలె గదా. చేతుల చాట లేక ఆమె ఏళ్లు ఊరికెనే కదులుతుండె. పక్కింటి ముసలమ్మ ఒకామె, అక్కడనే పుట్టి పెరిగినామె, ఛాయకు పిలిచింది. "మా పెండ్లైనప్పుడు పుణెల ఫ్యాను ఎవరింట్ల ఉండె? ఇప్పుడు ఏసీ లేక నిద్ర పట్టదు" అన్నది. అంటే మేము పరుగెత్తి వచ్చిన చలి, ఇక్కడ కూడా కొంచెం కొంచెం ఎల్లిపోతున్నది. అయిన మా షోలాపూర్ కంటె మేలే, అబద్ధం చెప్పొద్దు.

తర్వాత ఫిబ్రవరిల నేనొక్కన్నే సిరిసిల్ల పోయిన. చుట్టాలింట్ల పెండ్లి. తాత ఊరు గదా, అక్కడ చిన్న ఇల్లు చూసుకుంటే ఎట్లుంటదో అని కూడా మనసుల ఉండె. మాకు అన్న వరుస ఆయన ఇంట్ల దిగిన. సిరిసిల్ల ఇప్పుడు జిల్లా అయింది. వాడకట్టుల అటూ ఇటూ సాంచాల మోతనే. బతుకమ్మ చీరెల ఆర్డరు వచ్చిన కాలంల పని బాగుండెనని చెప్పిండ్రు. పగటీలి ఆ సాంచాల షెడ్డుల నిలబడితే, రేకు మీది నుంచి దిగే వేడి నాకు ఎరుకైన వేడే. పోగు ఎండి తెగుడు కూడా ఎరుకైందే. రాత్రి బయట మంచం వేసుకొని మా అన్నకు నా ఆలోచన చెప్పిన. ఆయన చాలసేపు నవ్విండు. "తమ్మీ, షోలాపూర్ ఎత్తు మీద ఉన్నది, గాలి ఆడుతది అని మేమే అనుకుంటున్నం. నువ్వు ఇక్కడికి వస్తనంటవు." నవ్వు ఆగినంక ఒక మాట అడిగిండు. "తాత పోయినప్పుడు అక్కడ పనున్నది. నీకు ఇక్కడ ఏమున్నది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మా తాత పోయింది కూటి కోసం. ఆయనకు ముందట మిల్లు కనిపించింది. నేను పోతనన్నది ఇంటి మీది రేకు కాలుతున్నదని. కని ఏ ఊరికి పోయినా నాకు దొరికేది ఇంకొక రేకే. సిమెంటు కప్పు దొరకాలంటే పైసలు కావాలె. చల్లటి ఊరు, చల్లటి ఇల్లు పైసలున్నోనికి ముందు దొరుకుతయి. ఇది నేను రెండు ఊర్లు తిరిగి తెలుసుకున్న.

తిరిగొచ్చి మా ఇంటామెను అడిగిన, నీ మాట ఏందని. ఆమె ఆకు కత్తిరించుడు ఆపకుండనే లెక్క చెప్పింది. పుణె పోతే బీడీ కార్డు పోతది. గడప కాడ తనతోటి కూసొని చుట్టే ముగ్గురు ఆడపిల్లలున్నరు, వాళ్లకు ఆమెనే దిక్కు. శ్రావణ పున్నమికి మార్కండేయుని రథం ఇంటి ముందర కాకున్నా కూతవేటు దూరంల పోతది. పడిపోతే ఉరికొచ్చే ఎదురింటి పిల్ల పుణెల లేదు. "అక్కడ పడితే తలుపు మూసుంటది" అన్నది. చివరికి, "నాకు చలి కావాలె, అబద్ధమెందుకు. ఆ పొద్దు గ్యాలరీల ప్రాణం లేచొచ్చింది" అని కూడా అన్నది. రెండూ నిజమే. ఏది పెద్దదో నేను చెప్పలేక పోయిన.

ఆఖరుకు మేము ఒక ఒప్పందం చేసుకున్నం. ఈ వేసంగి ఇక్కడనే ఉండి చూద్దాం. ఇంకొకసారి ఆమెకు కండ్లు తిరిగితే, ఆ వారంలనే పుణె. అప్పుడు కార్డు గురించి, ఇల్లు గురించి మాట్లాడొద్దు. ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. కొడుకుకు కూడా ఫోన్ చేసి చెప్పినం. వాడు కోపం చేసిండు, తర్వాత ఊకున్నడు.

ఇక్కడ ఉండాలంటే ఊరికె ఉంటే కాదు. శివరాత్రికి ముందే రేకు మీద సున్నం రెండు పూతలు కొట్టిన. జిగురు కలపకుంటే మొదటి గాలికే రాలుతది, బంక కలపాలె. తెల్లటి రేకు ఎండను వెనకకు తిప్పి కొడుతది, లోపల తేడా చెయ్యి పెడితే తెలుస్తది. రేకు కింద పాత గోనె సంచులు కుట్టి తడక లెక్క కట్టిన, నడుమ జానెడు గాలి సందు విడిచిన. బీడీ పని ఆమె తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి పదింటికి ఆపుతున్నది. ఆకు మెత్తగ ఉంటది, మనిషికీ నెమ్మది. కూలి కొంత తగ్గింది, తగ్గనీ అనుకున్నం.

ఇంకొక పని చేసిన. పెట్టెల నుంచి ఆ చద్దరు తీసిన. నేను పని మానేసే నాటి ఆఖరు బీముది, ఎర్ర నేల మీద తెల్ల నెమలి. బకెట్ల తడిపి, పడమటి కిటికీకి వేలాడదీసిన. షోలాపూర్ గాలి పొడి గాలి, తడి గుడ్డ నుంచి వచ్చిందంటే చల్లబడి లోపలికి వస్తది. మందం నూలు కాబట్టి నీళ్లు చాలసేపు పట్టుకుంటది. నల్లా నాలుగు దినాలకోసారి, అందుకని బట్టలు జాడించిన నీళ్లతోనే తడుపుతున్న. పొద్దటీలి ఒకసారి, మూడింటికి ఒకసారి. తడిపినప్పుడు మోయ భారంగ ఉంటది. మా ఇంటామె ఒక అంచు పడుతది, నేను ఒక అంచు.

మృగశిర కార్తె దాకా ఇట్ల వెళ్లదీయాలె. వానలు పడ్డంక మళ్ల రాస్త, ఉన్నమో పోయినమో. మీ ఇంట్ల బీడీ చుట్టే అమ్మలు, బీ.పీ. ఉన్న పెద్దలు ఉంటే, వచ్చే ఏడు మాఘమాసం పోకముందే రేకుకు సున్నం కొట్టుండ్రి. శివరాత్రి దాటంగనే రేకు మీద కాలు పెట్టరాదు. నా కాలు కాలింది, అందుకే చెప్తున్న.