అనంతపురం ఎండలో కాంతి పాఠాలు

అనంతపురం
ఆదివారం రాత్రి

నాన్నా,

క్షేమంగా చేరాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నల్లమల దాటేటప్పుడు మెలకువగానే ఉన్నాను గానీ చీకట్లో ఏమీ కనపడలేదు. దిగేసరికి ఇంకా తెల్లవారలేదు.

స్టేషన్ బయట ఆటో దగ్గర పెద్ద గొడవే అయింది. మా లేజరు వర్ణపటశాస్త్ర శిక్షణ జరిగే చోటు ఊరికి దూరం. "యాడికి పోవల్లమ్మా?" అని అడిగి, చెప్పగానే "మున్నూరు ఇయ్యండి" అన్నాడు డ్రైవరు. నూట యాభై ఇస్తానన్నాను. తిరుగు ప్రయాణానికి మనుషులు దొరకరంటాడు. అది నా బాధ్యత ఎలా అవుతుందని నేను. గొంతులు పెరిగాయి. పక్క ఆటోల వాళ్ళు చుట్టూ చేరి ఆయనకే వంత పాడారు. ఇంతలో కరివేపాకు మూట పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, "ఆయమ్మ నూటేబై ఇస్తాది, నేను యాబై ఇస్తా, దావలో నన్ను దింపు" అని తీర్పు చెప్పింది. ఆయన మారు మాట్లాడకుండా బండి తీశాడు.

దారిలో ఆవిడ నన్ను ఏం చదవడానికి వచ్చావని అడిగింది. వెలుతురు గురించి అన్నాను. "ఈడ వెలుతురుకేం కొదవ తల్లీ, వానకే కొదవ" అంది. డ్రైవరు అప్పుడు నోరు విప్పాడు. ఆయనకు నాలుగెకరాల శెనక్కాయ చేను ఉందట. బోరు ఎండిపోయాక ఆటో కొన్నాడట. దిగాక మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో చూపించి మరీ వెళ్ళాడు.

ఈ సీమకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. నైరుతి మేఘాలు చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. మీరు మ్యాపు గీసి చెప్పిన పాఠమే. ఇక్కడ నిలబడితే అది ఒంటికి తెలుస్తోంది.

రేపటి నుంచి తరగతులు. బీపీ మాత్ర మరిచిపోకండి.

మీ పెద్దమ్మాయి

* * *

బుధవారం, మధ్యాహ్నం

అమ్మా,

నువ్వు అడిగింది తిండి గురించే కదా, ముందు అదే రాస్తాను.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జి. బొరుగులు నీళ్ళలో ఒక్క ముంచు ముంచి గట్టిగా పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో వాటిని కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. బొరుగులు మెత్తబడాలి గానీ ముద్ద కాకూడదు. హోటలావిడ చేతిలో ఆ లెక్క ఉంది. ఎంతసేపు నానబెట్టాలని అడిగితే, "నానబెడితే చెడిపోతాది, తడిపితే సాలు" అంది. మధ్యాహ్నం రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి. ఊరిబిండిలో కారం మన గుంటూరు వాళ్ళను కూడా నీళ్ళ చెంబు వెతుక్కోమంటుంది. నీ గోంగూర పచ్చడి సీసా మా గదిలో వాళ్ళు అప్పుడే సగం చేశారు. వాళ్ళు పొగిడిన మాటలన్నీ రాస్తే నీకు తల తిరుగుతుంది, అందుకని రాయడం లేదు.

బోరు నీళ్ళు తాగొద్దని ఇక్కడ అందరూ చెబుతారు. ఈ నేలలో లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు. పళ్ళ మీద గారలు, వంగిన ఎముకలు పాత తరం వాళ్ళలో కనిపిస్తాయి. 1990ల మధ్యలో సత్యసాయి మంచినీటి పథకం వచ్చి, ఏడు వందలకు పైగా ఊళ్ళకు నీళ్ళు చేరాయి. మా గదులు ఊడ్చే ఆవిడ తన చిన్నప్పుడు బిందె కోసం నడిచిన దూరం చెబుతుంటే, ఇంట్లో నేను పారబోసిన నీళ్ళన్నీ గుర్తొచ్చాయి.

ఇక్కడి నుంచి నాన్నకు చదివి వినిపించు.

నాన్నా, మొదటి పాఠమే మన ఊరి గురించి! 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటదర్శినిని సూర్యుడి అంచు మీదికి తిప్పాడు. అక్కడ ఎగసే జ్వాలల్లో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కి వెలిగే వాయువులని తేలింది. గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చని ఆయనకు అనిపించింది. మర్నాడు పొద్దున మన గుంటూరు ఆకాశంలోనే చూశాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో పాగ్సన్ చూశాడు. కనిపించిన వాటిలో ఒక పసుపు గీత సోడియం గీతలు ఉండాల్సిన చోట సరిగ్గా కుదరలేదు. సోడియానివి 589.0, 589.6 నానోమీటర్లు, ఇది 587.6 దగ్గర. అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ ఆ గీతను గ్రహణం లేకుండానే పట్టుకున్నాడు. భూమ్మీద ఎవరూ చూడని మూలకం అది, హీలియం. 1895లో రామ్సే ఒక ఖనిజంలోంచి దాన్ని తీసే దాకా చాలామంది నమ్మనే లేదు.

జాన్సెన్ కాకినాడ నుంచి రాసిన ఉత్తరం, లాక్యర్ ఉత్తరం ఒకే రోజు పారిస్ అకాడమీకి చేరాయట. నా ఉత్తరాలు ఎప్పుడు చేరతాయో మరి.

ఆ హీలియమే అదే రోజు మధ్యాహ్నం ప్రయోగశాలలో మా ముందుకొచ్చింది. హీలియం-నియాన్ లేజరు. విద్యుత్తుతో ఉత్తేజం పొందిన హీలియం పరమాణువు నియాన్‌ను ఢీకొని తన శక్తిని దానికి ఇచ్చేస్తుంది. ఎర్రటి వెలుగు నియాన్‌ది, 632.8 నానోమీటర్లు. శక్తి అందించేది హీలియం. మన ఊరి ఆకాశం మీదుగా తొలి ఆనవాలు ఇచ్చిన మూలకం ఆ గాజు గొట్టంలో పనిచేస్తోందని అనుకుంటే కళ్ళు చెమర్చాయి. గుంటూరులో ఎంతమంది పిల్లలకు ఈ సంగతి తెలుసు?

నీ కూతురు

* * *

శనివారం

ఒరేయ్ చిన్నా,

నీకు విడిగా రాస్తున్నాను, అమ్మకు చూపించకు. నిన్న వడదెబ్బ కొట్టింది. జ్వరం, కడుపులో తిప్పడం, మజ్జిగ తప్ప ఏదీ పడలేదు. గదిలో పడుకుని ఫ్యాను చప్పుడు వింటూ ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. వరండాలో నాన్న పేపరు చదివే గొంతు, మీ ఆవిడ నిన్ను కేకలేయడం, అన్నీ చెవిలో మోగాయి. ఈ రోజు తేరుకున్నాను. లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి బస్సు వేశారు, నేను వెళ్ళలేదు. మర్రి ఐదెకరాల మీద పరుచుకుని ఉందని వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పారు.

మిరప రైతువి కాబట్టి ఈ మాట నీకే చెప్పాలి. ఇక్కడి శెనక్కాయ చేలోంచి ఎర్రమట్టి తెచ్చి, బిళ్ళగా నొక్కి, దాని మీద లేజరు కొట్టారు. ఒక్కో దెబ్బ సెకనులో కొన్ని వందకోట్ల వంతుల సేపే. ఆ తాకిడికి కంటికి ఆననంత మట్టి ఆవిరై, పది వేల డిగ్రీలు దాటిన ప్లాస్మాగా మారి మెరుస్తుంది. మొదటి వెలుగంతా తెల్లగా కలగాపులగంగా ఉంటుంది, అందులో ఏమీ తెలియదు. సుమారు ఒక మైక్రోసెకను ఆగి చూస్తే ప్లాస్మా చల్లబడుతూ గీతలు విడివిడిగా బయటపడతాయి. ఇనుము, మెగ్నీషియం, సోడియం. వాటి మధ్య 393.4, 396.8 దగ్గర రెండు బలమైన కాల్షియం గీతలు.

వేరుశనగకు కాల్షియం ఎంత ముఖ్యమో తెలుసుగా. ఊడ నేలలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టిలోంచే పీల్చుకుంటుంది. అందుకే పూత సమయంలో జిప్సం చల్లుతారు. కాల్షియం అందకపోతే తాలు కాయలే. సూర్యుడి వర్ణపటంలో ఊదారంగు చివర కనిపించే రెండు చిక్కటి నల్ల గీతలు కూడా ఈ కాల్షియానివే. ఇక్కడ మెరుస్తాయి, అక్కడ నల్లబడతాయి, చోటు మాత్రం ఒకటే. ఎండలోనూ ఈ ఎర్రమట్టిలోనూ ఒకే పదార్థం ఒకే సంతకం చేస్తోంది. జ్వరం నీరసంలో కూడా లేచి కూర్చుని రాసుకున్నాను.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాలను గుర్తించడానికి ఇదే పద్ధతి మీద పని చేశారు. రైతు మట్టికి కూడా ఇది ఊళ్ళో అందుబాటులోకి రావాలని నా కోరిక. నువ్వు అంచనాతో వేసే ఎరువు బస్తాల సంగతి వచ్చాక మాట్లాడుకుందాం. మీ ఆవిడను అడిగానని చెప్పు. ఆమె చెప్పే మాట వింటే నీకు సగం అప్పు తీరేది.

అక్క

* * *

గురువారం, రాత్రి

నాన్నా,

వాన పడింది! సాయంత్రం రుబీడియం ప్రయోగం మధ్యలో గాలి లేచి కరెంటు పోయింది, లేజరు ఆరిపోయింది. అందరం వరండాలోకి పరిగెత్తాం. ఇంకో మంచి వాన పడితే విత్తనానికి పదును అవుతుందని వాచ్‌మన్ లెక్కలు వేస్తున్నాడు. జ్వరం పూర్తిగా తగ్గింది, అమ్మకు ఇప్పుడు చెప్పవచ్చు.

ఆ ప్రయోగం మీకు చెప్పాలి. గాజు గొట్టంలో రుబీడియం ఆవిరి, 780 నానోమీటర్ల లేజరు. పరమాణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో అన్ని వైపులకూ పోతుంటాయి. ఎదురొచ్చే వాటికి కాంతి పౌనఃపున్యం ఎక్కువగా, దూరమయ్యే వాటికి తక్కువగా అందుతుంది. అందువల్ల గీత వెడల్పై, లోపలి సన్నని గీతలన్నీ దానిలో కలిసిపోతాయి. దీనికి ఉపాయం, ఒకే లేజరు కాంతిని ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా ఉండేలా రెండుగా చీల్చి ఎదురెదురుగా పంపడం. కిరణాల దారిలో ముందుకూ వెనక్కూ కదలని పరమాణువులు మాత్రమే రెండింటినీ ఒకే పౌనఃపున్యం దగ్గర పీల్చుకోగలవు. బలమైన కిరణం వాటి ఆకలి ముందే తీర్చేస్తుంది కాబట్టి బలహీన కిరణం అడ్డు లేకుండా దాటిపోతుంది. తెర మీద వెడల్పాటి పల్లం మధ్య సన్నని శిఖరాలు లేచాయి. 1970ల తొలినాళ్ళలో స్టాన్‌ఫర్డ్‌లో షాలో, హెన్ష్ ఈ పద్ధతికి పదును పెట్టారు. లేజరు వర్ణపటశాస్త్రానికి షాలోకు 1981లో, హెన్ష్‌కు 2005లో నోబెల్ వచ్చింది. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకుని, ఆ శిఖరాలు నేనే తెచ్చాను, నాన్నా. నా చేత్తో అద్దం తిప్పి తెచ్చాను.

మన దగ్గర ఈ విద్యకు పునాది లేక కాదు. రామన్ శిష్యుడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠం చెప్పారు. రంగధామరావు గారు అక్కడే వర్ణపట పరిశోధనశాలను పెంచారు. 1928లో రామన్ తన ప్రయోగంలో మొదట వాడింది సూర్యకాంతినే. అంత చరిత్ర ఉండి, నేను పాఠం చెప్పే డిగ్రీ పిల్లలు సోడియం గీతలను కంటితో చూడకుండానే 589.3 అని రికార్డులో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. అది ఇక సాగకూడదు. చీలికలోంచి ఒక్క గీత తన కంటితో చూసిన పిల్ల ఆ అంకెను జీవితంలో మరిచిపోదు. పరమాణువు అనే మాట ఆమెకు నమ్మకం నుంచి అనుభవంలోకి వస్తుంది.

అందుకని ఒక పని అనుకున్నాను, మీ సాయం కావాలి. ప్రతి ఏడూ ఆగస్టు 18న మా పిల్లలను మన డాబా గదికి తీసుకొస్తాను. కిటికీకి నల్లగుడ్డ, దానికి సన్నని చీలిక, పాత సీడీ ముక్క, తెల్ల కాగితం. సూర్యుణ్ణి నేరుగా ఎవరూ చూడకుండా, కాగితం మీద పడిన రంగులే చూపిస్తాం. పక్క గదిలో సోడియం దీపం పెడదాం. 1868లో గుంటూరులో ఏం జరిగిందో మీరు చెప్పాలి. మీ గొంతుతో చెబితేనే పిల్లలు కదలకుండా వింటారు.

ఆదివారం బయలుదేరుతున్నాను. తమ్ముణ్ణి స్టేషన్‌కు పంపండి, సంచిలో ఎర్రమట్టి బిళ్ళలు బరువుగా ఉన్నాయి. అమ్మకు బొరుగులు, పుట్నాల పొడి తెస్తున్నాను. ఉగ్గాని నేనే చేస్తాను, వంటింట్లోకి తను రాకూడదని ముందే ఒప్పందం రాయించి ఉంచండి. పైగదిలో కిటికీ కొలతలు మాత్రం ఈలోగా తీసిపెట్టండి.

మీ పెద్దమ్మాయి