కడంబత్తూరులో బ్లాక్ లేబిల్

చెన్నై సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్ళే లోకల్ రైల్లో తిరువళ్ళూరు దాటిన కాసేపటికి కడంబత్తూరు వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బళ్ళలో పోయేవారికి అది కిటికీలోంచి కనబడే బోర్డు మాత్రమే. మా అక్కయ్య ఇల్లు అక్కడే. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. ఇంకా ముందుకు వెళ్తే తిరుత్తణి. 1960 ఏప్రిల్ దాకా అది ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. బావగారి చెరకు తిరువాలంగాడులోని తిరుత్తణి సహకార చక్కెర మిల్లుకు వెళుతుంది.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు దుబాయి నుంచి జానీవాకర్ బ్లాక్ లేబిల్ తెచ్చాడు. పలకల సీసా, దానిమీద ఏటవాలు చీటీ. (కుటుంబ పత్రికలో ఇదేం గోల అనేవారు దయచేసి చివరిదాకా చదవండి.)

"మన చెరకులోంచి వచ్చేదీ విస్కీయేగా, దీని గొప్పేమిటోయ్?" అన్నారు బావగారు.

మాట నిజమే. చక్కెర తీయగా మిగిలే మడ్డి, అదే మొలాసిస్, మన దేశపు చవక విస్కీలు చాలావాటికి ఆధారం. స్కాట్లండులో అలా కుదరదు. ధాన్యంతోనే చేయాలి, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉంచాలి. సీసామీద 12 అని ఉంటే, అందులో కలిపిన రకాలన్నిటిలో పిన్నదానికి కూడా 12 ఏళ్ళు నిండాయన్నమాట. ఏటా సుమారు 2 శాతం పీపాలోంచి ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. చక్రవడ్డీని తిరగేసి లెక్క కట్టాను: 100 లీటర్లు పోస్తే పన్నెండేళ్ళకు 78 మిగులుతాయి. ఇంత తరుగును మా ఆడిటర్లు ఒప్పుకోరు.

జాన్ వాకర్ 1820లో కిల్మార్నాక్ అనే ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టినవాడు. రకరకాల విస్కీలను కలిపి, ఏ ఒక్కటీ మరొకదాన్ని అణచకుండా చూడడమే ఈ మిశ్రమాల పనితనం.

చెరో మూతెడు నీళ్ళు కలిపి పుచ్చుకున్నాం. ముందు పొగ. బురద నేలల్లో తవ్విన గడ్డలు కాల్చి బార్లీని ఆరబెట్టినప్పుడు పట్టిన పొగ అది. వెనకనే ఎండుద్రాక్ష, వనిల్లా, కాస్త మిరియపు ఘాటు. "బెల్లం వండే పొయ్యి దగ్గర నిలుచున్నట్టుంది" అన్నారు బావగారు. చెరకన్నదే లేని సరుకుకు ఆ వర్ణన! అయినా నేను చదివిన వాటన్నిటికంటే అదే బాగుంది. గొంతు మండలేదు. గుటక దిగాక కూడా పొగ నాలుకను వదల్లేదు.

అక్కయ్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె మరిది క్వార్టరు సీసాలు తాగి తాగి, లివరు చెడి, నలభై రెండేళ్ళకే పోయాడు. అతని పిల్లలిద్దర్నీ పెంచి చదివించింది ఈవిడే.

"పన్నెండేళ్ళు నిలవుంచితే దాని విషం విరుగుతుందట్రా?" అని అడిగింది.

విరగదు. రుచి మారుతుంది గానీ, సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదని కూడా అక్కడి చట్టమే. ఉన్నమాట చెప్పాను. సీసా బీరువాలోకి వెళ్ళింది, తాళంచెవి ఆమె బొడ్లోకి వెళ్ళింది. బావగారు ఉగాది దాకా ఆగాలట.